పైన ఒకటి, కింద ఒకటి

పోయిన వారం కథ ఆగేసరికి నా అవస్థ ఏమిటో గుర్తుందా? పెన్ను మూత తీసి సంతకం పెట్టబోతున్నాను. బల్ల మీద ఏటి నీళ్ళ నివేదిక ఉంది. వానాకాలం, చలికాలం, ఎండాకాలం, మూడు కాలాల పరీక్షలూ మూడు నిలువు గళ్ళలో ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికల్లా అది మా పెద్దసారు చేతికి చేరాలి. చేరితే తెల్లారేసరికి ఏటి ఒడ్డున ఉన్న అద్దకం షెడ్డుకి తాళం పడుతుంది. ఆ షెడ్డు ఎవరిదో కాదు, మా వదినది. మా ఆయనకి సొంత అక్క. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకుని పెంచిన మనిషి. సరిగ్గా ఆ వదినే తలుపు తోసుకుని మా ల్యాబులోకి వచ్చి నిలబడింది.

తప్పు నీళ్ళదే అనుకోండి, నాది కాదు. నేను నీళ్ళు పరీక్ష చేసేదాన్ని, నీళ్ళు ఏం చెబితే అది రాసేదాన్ని. వానాకాలంలోనూ చలికాలంలోనూ షెడ్డుకి పైన నీళ్ళు ఎలా ఉన్నాయో, షెడ్డుకి కిందా అలాగే ఉన్నాయి. ఎండాకాలం వచ్చేసరికి పైన శుభ్రం, కింద క్రోమియం. బట్టకి రంగు పట్టడానికి కొన్ని అద్దకాల్లో వాడే మందులో ఉండేది ఆ విషమే. ఇంకేం కావాలి, దొంగ దొరికినట్టే కదా. "వానాకాలంలో ఏరు అబద్ధాలాడుతుందమ్మా, ఎండాకాలంలో నిజం కక్కేస్తుంది" అని మా పెద్దసారు ఇరవై ఏళ్ళుగా చెప్పే మాట. నేనూ దానికి తల ఊపాను.

"సంతకం పెట్టేశావా?" అంది వదిన.

"ఇంకా లేదు."

"పెట్టు. నేనేం ఆపడానికి రాలేదు. ఏ చేత్తో పెడతావో చూసిపోదామని వచ్చాను."

నాకూ పౌరుషం ఉంది కదా. "కూర్చోండి వదినా, మంచినీళ్ళు తాగండి" అన్నాను, మర్యాదకి.

"నీ నీళ్ళు నాకొద్దమ్మాయ్. తొమ్మిది రోజులుగా నీ నీళ్ళ కబుర్లతోనే కడుపు నిండిపోయింది."

తొమ్మిది రోజులు, క్రోమియం తేలిన రోజునుంచి. ఆ లెక్క నాకూ తెలుసు. తొమ్మిది రోజులుగా మా ఇంట్లో ఆయన "ఊఁ" అంటాడు, "ఊఁహూఁ" అంటాడు, అంతే. తిట్టినా బాగుండును. "నువ్వు చేసింది తప్పని నేననను. ఒప్పని మాత్రం నా నోటితో అనిపించకు" అని ఒక్కసారి అన్నాడు. ఆ మాట తర్వాత నాకు అన్నం సయించడం మానేసింది.

వదిన తన రెండు అరచేతులూ నా బల్ల మీద, నివేదిక పైన పరిచింది. గోళ్ళ చుట్టూ నీలిరంగు తప్ప ఆ చేతులు నున్నగా ఉన్నాయి. "ఆ మందు మానేసి మూడేళ్ళయింది. ఇవే చేతులు పగిలి నెత్తురోడేవి, నువ్వే వెన్నపూస రాశావు. మరిచిపోయావా? మానేశానని నీకు చెప్పానా, లేదా?"

"చెప్పారు."

"నమ్మావా?"

నేను నీళ్ళు నమిలాను. నిజం చెప్పాలంటే నమ్మలేదు. నమ్మకపోవడం నా ఉద్యోగంలో భాగమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో మనిషిని బయటి మనిషికంటే ఎక్కువ అనుమానించాను, పక్షపాతం అంటారేమోనన్న భయంతో. అది న్యాయమని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నీకు దేవుడితో పనేముంది, సీసాలున్నాయిగా" అంది వదిన. "పదకొండు మంది ఆడవాళ్ళు ఉన్నారు నా దగ్గర. రేపటినుంచి ఎక్కడికి పోతారు? నా సంగతి వదిలెయ్, నేను షెడ్డు మీద ఎప్పుడో నీళ్ళొదిలేసుకున్నా. అసలు మా షెడ్డు కింద ఈ ఎండల్లో నీళ్ళెక్కడివి, నువ్వు సీసాలో పట్టడానికి? పిక్కల దాకా లేవు. నిన్న మధ్యాహ్నం ఏదో కొట్టుకుపోతే తియ్యడానికి దిగిన పిల్ల, కాళ్ళు కాలిపోతున్నాయని గంతులేసుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఆ ఉడుకునీళ్ళలో ఏముందో నీకు తెలిసిందిట, మాకు తెలియలేదుట!"

కాళ్ళు కాలుతున్నాయి. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఏటి దగ్గర నీళ్ళు ఎవరు పట్టినా చేసే మొదటి పని సీసాలో థర్మామీటరు పెట్టి వేడి రాసుకోవడం. ఆ అంకె ఎవరూ పట్టించుకోరు, పుస్తకంలో ఓ మూల పడుంటుంది. అలమారాలోంచి ఆ పుస్తకం లాగి తిరగేశాను. వానాకాలంలో పైనా కిందా ఒక్కటే వేడి. చలికాలంలోనూ అంతే. ఎండాకాలం పేజీలో పైన ముప్పై మూడు, కింద ఇరవై ఏడు.

నడినెత్తిన ఎండ. పిక్కల్లోతు నీళ్ళు. నాలుగడుగులు పారేసరికి ఆరు డిగ్రీలు చల్లబడ్డాయా? ఏరు ఏమైనా దారిలో ఐసు కొనుక్కుందా?

"ఏమైందే?" అంది వదిన. నా మొహం ఎలా మారిందో ఏమో, ఆవిడ కోపం కూడా ఒక్క క్షణం పక్కన పెట్టింది.

"ఒక్క నిమిషం వదినా. ఒక్క నిమిషం కూర్చోండి." కిటికీలోంచి కేకేశాను. "అయ్యా! డ్రైవరుగారూ! ఒకసారి ఇలా రండి!"

మా డ్రైవరు గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి, కడిగిన ముత్యం లాంటి నడత. మేం అందరం ఆయన్ని వెనకాల "అలాగేనండి" అంటాం, ఏం చెప్పినా ఆయన అనే మాట అదొక్కటే కాబట్టి. ఎందుకు, ఏమిటి, ఎక్కడ, ఇవి ఆయన నోట రావు. ఏళ్ళ తరబడి నీళ్ళు పట్టుకొచ్చే సీసాల పెద్దాయన చలికాలం చివర్లో మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎండాకాలం సీసాలు నింపే పని ఈయన నెత్తిన పడింది. "అలాగేనండి" అన్నాడు, జీపులో సీసాలు పెట్టుకుని పోయాడు, సీసాలు నింపుకుని వచ్చాడు. ఎవరూ ఇంకేం అడగలేదు.

"అయ్యా, ఎండాకాలం నీళ్ళు మీరే కదా పట్టింది. ఎలా పట్టారు?"

"పెద్దాయన ఫోన్లో చెప్పినట్టేనండి" అన్నాడాయన, వదిన వైపు ఓ చూపు చూసి. "పైన ఒకటి పట్టు, కింద ఒకటి పట్టు అన్నాడండి. అలాగే పట్టానండి. పైన ఒకటి, కింద ఒకటి."

"ఏ పైన?"

"నీళ్ళ పైనండి."

"మరి ఏ కింద?"

"నీళ్ళ కిందండి. అడుగునండి." ఆయన మొహం వెలిగింది. ఇన్నాళ్ళకి ఎవరో ఆయన కష్టం గురించి అడిగారు. "పైది సులువేనండి, ముంచితే వస్తుంది. కిందదే ప్రాణం తీసింది. సీసా మునగదు కదండీ. అందుకని ఇటుక కట్టాను. బిరడాకి వేరే తాడు కట్టాను. అడుగుదాకా దింపి అప్పుడు బిరడా లాగాలి, లేకపోతే దారిలోనే పైనీళ్ళు ఎక్కేస్తాయి. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి దిగుతూ దిగుతూ ఏదో ఇనప జాలీకి తగిలి ఠంగుమంది. ఇటుక పగిలిందేమో అనుకున్నాను, లేదు, అప్పుడే లాగాను బిరడా. బుడబుడా నిండింది. అంతా అయ్యేసరికి చొక్కా పిండితే గ్లాసుడు చెమట."

"షెడ్డు దగ్గర అంత లోతెక్కడుందయ్యా?"

"అక్కడ లేదండి. అందుకే పైకి పోయాను, మడుగు దగ్గరికి. కింద పట్టాలంటే కింద ఉండాలి కదండీ."

ఇరవై ఏళ్ళుగా మా ల్యాబులో పైన అంటే షెడ్డుకి పైన. కింద అంటే షెడ్డుకి కింద. ఏరు పారే దారిలో ముందొకటి, వెనకొకటి. ఆ సంగతి అందరికీ తెలుసు, తెలియని ఒక్క మనిషికి మాత్రం మేం చెప్పలేదు. ఆ మనిషి రెండు సీసాలూ ఒక్కచోటే, అసలు షెడ్డు ఛాయలకే పోకుండా, పట్టుకొచ్చి బల్ల మీద పెడితే, నేను ఆ సీసాలు చూసి మా వదిన షెడ్డు మూయించడానికి కూర్చున్నాను.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకాలే కళ్ళనీళ్ళు. వదిన అటు నన్నూ ఇటు డ్రైవరునూ మార్చి మార్చి చూసింది.

"అంటే... మా షెడ్డు కింద నీళ్ళు వీళ్ళు అసలు పట్టనే లేదా?"

"లేదు వదినా."

"తొమ్మిది రోజులుగా నాకు నిద్ర లేకుండా చేసింది ఓ ఇటుకా?"

"అయ్యో, తప్పు చేశానాండీ?" అన్నాడు డ్రైవరు, మొహం వాడిపోయి.

"మీది కాదయ్యా తప్పు, నాది" అన్నాను. "అంకె చల్లగా ఉంటే చూడాల్సింది నేను. పదండి, జీపు తియ్యండి. వదినా, మీరూ రావాలి. ఈసారి నా చేత్తో, మీ కళ్ళ ముందు పడతాను. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, ఈసారి ఏది వస్తే అదే రాస్తాను."

వదిన చెంగు నడుముకి దోపుకుంది. "రాయి. నేనేం భయపడతానా?" అంది. భయపడుతూనే ఉందని నాకు తెలుసు. నాకూ భయంగానే ఉంది.

ఏటి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. చెప్పులు విడిచి దిగాను. నీళ్ళు నిజంగానే కాలాయి, నేనూ గంతులేశాను, ఒడ్డున షెడ్డు ఆడవాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. షెడ్డుకి వంద అడుగులు ఎగువన ఒక సీసా, వంద అడుగులు దిగువన ఒక సీసా. వేడి రెండు చోట్లా నలభై. పుస్తకంలో "పైన", "కింద" అని రాయబోయి చెయ్యి వెనక్కి తీసుకుని, తాటికాయంత అక్షరాలతో ఎగువ, దిగువ అని రాశాను.

క్రోమియం తేల్చడానికి పెట్టెలో చిన్న గాజు గొట్టాలూ పొడి పొట్లాలూ ఉంటాయి. గొట్టంలో నీళ్ళు పోసి, పొడి వేసి, ఊపాలి. క్రోమియం ఉంటే నీళ్ళు ఊదారంగుకి తిరుగుతాయి. పది నిమిషాలైనా తిరగలేదంటే లేనట్టే. ఏటి గట్టు మీద రాయి ఉంటే రెండు గొట్టాలూ దాని మీద నిలబెట్టి, అటు నేను, ఇటు వదిన కూర్చున్నాం. పరీక్ష హాలు బయట పిల్లల తల్లుల్లా ఉన్నాం.

రెండు నిమిషాలు గడిచాయి.

"వాడు తింటున్నాడా సరిగ్గా?" అంది వదిన, గొట్టాల మీంచి చూపు తిప్పకుండా. తమ్ముడి గురించి.

"కెలికి లేచిపోతున్నాడు."

"వెధవ. నీమీద అలగమని నేను చెప్పానా? ఫోన్ చేసి ఏడుస్తుంటే చీవాట్లేశాను. దాని ఉద్యోగం అది చేసుకుంటోంది, నోర్మూసుకుని అన్నం తినరా అన్నాను."

"మీరా అలా అన్నారు?" నోరెళ్ళబెట్టాను. "మరి పొద్దున వచ్చి నన్ను అన్ని మాటలన్నారు!"

"వాడితో ఒకటంటాను, నీతో ఒకటంటాను. నిన్ను అనకపోతే ఇంకెవర్ని అననే? వీధిలో పోయేవాళ్ళని అంటానా?"

"వదినా, నేను మిమ్మల్ని నమ్మాల్సింది."

"నమ్మితే నీ ఉద్యోగం ఎవరు చేస్తారు?" అంది ఆవిడ. ఆ తర్వాత, "కాస్త నమ్మాల్సింది" అని మెల్లగా అంది.

ఏడు నిమిషాలు. ఎనిమిది. డ్రైవరు జీపు దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిది. గొట్టాలు ఎత్తి తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను, అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. పది దాటింది, పదకొండు కూడా దాటింది. ఎగువ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. దిగువ నీళ్ళూ నీళ్ళలాగే ఉన్నాయి.

"లేదు వదినా" అన్నాను. "మీ షెడ్డులో ఏమీ లేదు. ఏమీ లేదు!"

వదిన రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. భుజాలు కదిలాయి. నేను దగ్గరికి జరిగి పట్టుకున్నాను, ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుంది, మా మధ్య రాయి మీద ఉన్న గొట్టం ఒకటి దొర్లి పగిలింది. పగిలితే పగలనీ అనుకున్నాను. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇన్ని రోజులూ నేను ఊపిరి సగమే పీలుస్తున్నానని అప్పుడు తెలిసింది.

పెద్దసారుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఫోన్లోంచి ఏదో దగ్గులాంటిది వినిపించింది. నవ్వే.

"ఇటుక కట్టాడా?"

"కట్టారు సార్. బిరడాకి వేరే తాడు కూడా."

"ఇరవై ఏళ్ళుగా పెద్దాయనకి చెబుతున్నాను అడుగునీళ్ళు పట్టమని, ఆయనకి చేతకాలేదు. ఈయనకి అడక్కుండానే వచ్చిందే! సరే, తాళం మాట లేదు. ఎండాకాలం గడి కొట్టేసి కొత్తగా రాయి. పైన కింద అన్నమాట ఇంక నా ల్యాబులో వినపడితే ఊరుకోను. ఎగువ, దిగువ. ఆ పాత సీసాలు సరిగ్గా ఎక్కడ పట్టాడో కనుక్కుని కొట్టేసిన గడి పక్కన రాయమ్మా, రేపు ఎవరైనా అడుగుతారు."

షెడ్డులో ఇంక చూడాలి సంబరం. తాళం పడదని వినగానే పదకొండు మందీ ఒక్కసారి మాట్లాడారు, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఒకావిడ నన్ను చూసి "ఈ తల్లేనా మమ్మల్ని వీధిన పడెయ్యబోయింది?" అంది. నవ్వుతూనే అందనుకోండి, తగలాల్సిన చోట తగిలింది. డ్రైవరుకి కుర్చీ వేశారు. ఇటుక కథ ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నారు. ఎవరు ఏం వస్తువు ఎక్కడ పెట్టమన్నా, "ఏ పైన? ఏ కింద?" అని ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే. మా ఆయనకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "రాత్రికి ఏం వండమంటావు?" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత అన్ని మాటలు.

వదిన ఊరి కొళాయి తిప్పి బిందె నింపి, గ్లాసులు తెచ్చింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. "పొద్దున నీ చేతి నీళ్ళు తాగలేదు, తప్పే. ఇవి తాగు" అంది. ఎండకి నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఒక్క గుక్కలో సగం పైగా తాగేశాను. అంత హాయి నీళ్ళలో ఉంటుందని అన్నేళ్ళ ఉద్యోగంలో నాకెప్పుడూ తట్టలేదు. అందరూ తాగారు. డ్రైవరు రెండు గ్లాసులు తాగాడు.

పుస్తకం తీసి ఎండాకాలం గడి కొట్టేశాను. పక్కన కారణం రాశాను. చోటు రాయాలి కదా.

"అయ్యా, మీరు పట్టిన మడుగు సరిగ్గా ఎక్కడ? ఏదైనా గుర్తు చెప్పండి."

"గుర్తెందుకండీ, అందరికీ తెలిసిందే. పంపుల గది మెట్లు దిగితే మడుగేనండి. ఊరికి నీళ్ళు తోడతారే, అక్కడ."

రాశాను. పంపుల గది, అని. రాశాక అక్షరాల వంక చూస్తూ ఉండిపోయాను. ఇటుక తగిలి ఠంగుమన్న ఇనప జాలీ. మడుగు అడుగున ఇనప జాలీ ఎందుకుంటుంది, పంపు మూతికి చెత్త అడ్డం పడకుండా బిగించింది కాకపోతే?

సీసా తప్పుచోట పట్టాడు. నిజమే. అంతమాత్రాన సీసాలో ఉన్నది అబద్ధం కాదు కదా. క్రోమియం మా వదినది కాదు, కానీ క్రోమియమే. నీరు పల్లమెరుగు. షెడ్డు నుంచి మడుగుకి నీళ్ళు ఎదురెక్కవు.

నా గ్లాసులో అడుగున ఇంకా రెండు వేళ్ళ నీళ్ళున్నాయి. పెట్టెలోంచి పొడి పొట్లం తీసి చింపాను. తొందరలో కొంత ఒలికింది. మిగిలింది గ్లాసులో వేసి ఊపాను. చుట్టూ నవ్వులు, కేకలు. ఎవరూ నన్ను చూడటం లేదు. గడియారం చూసుకున్నాను. ఒక నిమిషం. రెండు. పది దాకా ఆగే పని పడలేదు. నాలుగో నిమిషానికి గ్లాసు అంచు వెంట సన్నగా ఊదారంగు తిరిగింది.

తల ఎత్తాను. వదిన మళ్ళీ నింపుకున్న గ్లాసుని పెదాల దాకా తెచ్చింది.

"వదినా, ఆ గ్లాసు కింద పెట్టండి."

"ఏ కిందే?" అంది వదిన. షెడ్డంతా ఘొల్లుమంది.